దేవదానం సార్ బకెట్ ఆట

కంప్యూటర్ రిపేరు పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు అప్పుడప్పుడు సూర్యాపేటలో మా ఇంటికి వస్తుంటారు. షాపు మూసేసి ఇంటిపట్టున ఉంటున్నాను కాబట్టి నాకు తీరిక ఉంటుందని వాళ్ళకు తెలుసు. చాయ్ తాగి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అడుగుతారు: "ఉపేందరన్నా, ఇన్నేండ్లు చేసినవ్ కదా. ఈ పనిల ముఖ్యంగ ఏం తెలిసుండాలె?"

నా జవాబు వాళ్ళకు నచ్చదు. ఈ పనిలో సగానికి పైగా కాలం నాకు ఏమీ అర్థం కాకుండానే గడిచింది. ఎందుకు పాడైందో తెలియకుండా పాడైన కంప్యూటర్లు చూశాను. ఎందుకు బాగైందో తెలియకుండా బాగైనవి ఇంకా ఎక్కువ చూశాను. కస్టమర్ ముందు తెలిసినట్టు తలూపడం అందరికీ తొందరగానే వస్తుంది. తెలియక తికమక పడుతున్నప్పుడు మనిషి ఏం చేస్తాడన్నదే అసలు పని. అది ఎవరూ నేర్పరు.

అందులోనూ నన్ను ఎక్కువ తికమక పెట్టింది పాత ఆటలు. కొత్త కంప్యూటర్ కొన్నవాళ్ళు పాతదాంట్లో ఉన్న ఆట దీంట్లో కూడా కావాలంటారు. ఫైలు కాపీ చేస్తే అయిపోతుంది కదా అనుకుంటారు. నేనూ మొదట్లో అట్లాగే అనుకున్నాను.

కోదాడ గురువు

నేను పని నేర్చుకున్నది కోదాడలో, నారాయణరావు గారి సర్వీస్ సెంటర్లో. ఆయనది బోర్డర్ అవతల ఆంధ్రా వైపు ఊరు, మాట కూడా అట్లాగే ఉండేది. ఆయనలో నాకు నచ్చని గుణం ఒకటుండేది. సమస్య అర్థం కాకపోతే కస్టమర్ మొహం మీదే, "నాకు తెలీలేదండీ, రెండ్రోజులు నా దగ్గర ఉంచి వెళ్ళండి" అనేవాడు. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టుండేది. ఎదురుగా ఉన్న షాపువాడు ఏది వచ్చినా "వైరస్" అని ధైర్యంగా చెప్పి, మొత్తం చెరిపేసి, మళ్ళీ అంతా ఎక్కించి పంపేవాడు. అతనికే గిరాకీ ఎక్కువ.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను: "సార్, మనం కూడ గట్లనే చేస్తే అయిపోతది కదా?"

"అయిపోద్దయ్యా. కానీ ఏం జరిగిందో నీకు ఎప్పటికీ తెలీదు. రేపు ఇంకో మిషన్ ఇదే రోగంతో వస్తే మళ్ళీ చెరిపేస్తావు. ఇట్టా ముప్పయ్యేళ్ళు చెరుపుకుంటూ కూర్చుంటావా?"

ఆ మాట నాకు పనికొచ్చింది. ఆయన చెప్పిన ఇంకో మాట మాత్రం తప్పని తర్వాత తేలింది. ఆటల గురించి ఎవరొచ్చినా విసుక్కునేవాడు. "అకౌంట్సు పోతే మనిషి నష్టపోతాడు. ఆట పోతే ఏం పోద్ది? దానికి టైం పెట్టకు" అనేవాడు. చాలా ఏండ్లు నేనూ అదే నమ్మాను.

బ్రేకుల్లేని కారు

సూర్యాపేటలో సొంతంగా షాపు పెట్టాక గరిడేపల్లి నుంచి ఒక ఎరువుల దుకాణం ఆయన కొత్త కంప్యూటర్ కొన్నాడు. పేరు వెంకటయ్య. పాతదాంట్లో ఒక కారు రేసు ఆట ఉండేది. గిరాకీ లేని మధ్యాహ్నం పూట అదే ఆయన కాలక్షేపం. దాన్ని కొత్తదాంట్లోకి కాపీ చేసి నొక్కాను. తెర మీద ఆట వచ్చింది. ఇద్దరం సంతోషపడ్డాం.

స్టార్ట్ నొక్కగానే కారు గోడకు గుద్దుకుంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గుద్దుకుంది. బాణం మీటల మీద వేలు పెట్టేలోపే ఆట ఖతం.

"గిదేంది ఉపేందర్? బండికి బ్రేకులు ఫెయిలైనయా?"

నేను రెండు రోజులు తల పట్టుకున్నాను. పాత ఆటలు రాసినవాళ్ళలో కొందరు కంప్యూటర్ వేగాన్నే గడియారంగా వాడుకున్నారని ఆ తర్వాత తెలిసింది. మిషన్ మెల్లగా నడిస్తే కారు మెల్లగా పోతుంది. మిషన్ వందల రెట్లు వేగంగా నడిస్తే కారు కూడా అంతే. కాబట్టి ఆ ఆట కోసం కొత్త కంప్యూటర్‌ను మెల్లగా నడిపించే ఉపాయం చూడాలి. ఆ సంగతి చెబితే వెంకటయ్య నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

"తేజ్ ఉంటదని కొత్తది కొన్న. నువ్వు దాన్ని మెల్లగ చేస్తనంటున్నవ్. జర సక్కగ చెప్పు, నీకు పని వస్తదా?"

పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. కొత్త మిషన్ లోపల అది పాత మిషన్ వేషం వేస్తుంది. ఆటకు తాను ఎక్కడుందో తెలియదు, తన పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది. దాన్ని ఎక్కించి, వేగం తగ్గిస్తూ పోతే కారు దారికి వచ్చింది. వెంకటయ్య ఒక చుట్టు తిప్పి, "గిప్పుడు కుదిరింది" అన్నాడు. ఎందుకు కుదిరిందో ఆయనకు అర్థం కాలేదు. సరిగ్గా ఆ వేగం దగ్గరే ఎందుకు కుదిరిందో నాకూ అర్థం కాలేదు.

"ఇది నా ఆట కాదు"

ఇక మిర్యాలగూడ సంగతి. పిల్లలకు నేను చెప్పాలనుకునేది ఇదే.

దేవదానం సార్ సర్కారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన భార్య మార్తమ్మ అంగన్‌వాడీ టీచరుగా చేసి ఆమె కూడా ఇంటి దగ్గరే ఉంటోంది. సార్ ఇంట్లో పాతకాలం కంప్యూటర్ ఒకటి ఉండేది. అది పూర్తిగా చచ్చిపోయాక నా దగ్గర కొత్తది తీసుకున్నాడు. పాతదాంట్లోంచి ఆయన అడిగింది ఒక్కటే, బకెట్ ఆట.

చిన్న ఆట అది. నల్లటి తెర, పైనుంచి ఐదు వరుసల్లో నీటి చుక్కలు పడతాయి. కింద బకెట్‌ను అటూ ఇటూ జరుపుతూ పట్టుకోవాలి. ఒక్కో వరుసలో చుక్క పుట్టినప్పుడు ఒక్కో రకం కూత వస్తుంది. బకెట్లో పడితే టుంగుమంటుంది, నేల మీద పడితే బుర్రుమంటుంది. అంతే.

కొత్తదాంట్లో అది అసలు తెరుచుకోలేదు. ఈ కంప్యూటర్లో ఇది నడవదని ఒక మాట వచ్చి ఆగిపోయింది. నేను తెలివి చూపించాననుకుని, అటువంటిదే కొత్త ఆట ఒకటి వెతికి పెట్టాను. రంగురంగుల బకెట్, మెరిసే చుక్కలు, వెనక సంగీతం. చూస్తే ముచ్చటేసింది. సార్ కూర్చున్నాడు. ఒక్క చుక్క కూడా పట్టలేకపోయాడు.

"ఇది నా ఆట కాదు ఉపేందర్."

"గదే సార్. ఇంకా మంచిగున్నది."

"మంచిగుంటే నువ్వు ఆడుకో. నాకు నాది కావాలె."

పెద్దవాళ్ళ మొండితనం అనుకున్నాను. ఇంకోసారి వెళ్ళి, వెంకటయ్యకు పెట్టినట్టే వేషం వేసే ప్రోగ్రాం పెట్టి అసలు ఆటను తెరిచాను. అచ్చం అదే ఆట, అదే నల్ల తెర, అవే కూతలు. సార్ మొహం వెలిగింది. మీటల మీద చేతులు పెట్టాడు. మళ్ళీ ఓడిపోయాడు.

"ఆలస్యమైతుంది" అన్నాడు.

"ఏది సార్?"

"కూత. చుక్క పడ్డంక వస్తుంది."

నేను చెవి పెట్టి విన్నాను. నాకేమీ తేడా తెలియలేదు. కుర్చీలో కూర్చుని నేనే ఆడాను. హాయిగా గెలిచాను. "నాకు మంచిగనే వస్తుంది సార్" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మార్తమ్మ గ్లాసులో మజ్జిగ తెచ్చి ఇస్తూ, "ఆ ఆట లేకుంటే సార్‌కు పొద్దు పోతలేదు నాయనా. పేపర్ సదువుడు బంద్ చేసిండు. బైబిల్ గూడ నన్నే సదవమంటడు, నీ గొంతు మంచిగుంటదని" అంది. నాకు ఆ మాటలో ముచ్చట మాత్రమే వినిపించింది.

బస్సులో సూర్యాపేటకు తిరిగి వస్తూ దారంతా ఇదే ఆలోచన. కళ్ళ ముందు చుక్క కనిపిస్తుండగా కూత రెప్పపాటు ఆలస్యమైతే ఏం నష్టం? నేను గెలిచింది ఆయనెందుకు గెలవలేడు? ఎట్ల చూసినా లెక్క కుదరలేదు. నారాయణరావు గారి మాటే గుర్తొచ్చింది. దేవదానం సార్‌కు ఫోన్ చేసి, "సార్, నాకు అర్థమైతలేదు. మళ్ళొస్త" అన్నాను.

నల్ల తెర

మూడోసారి వెళ్ళినప్పుడు సారే బస్టాండుకు స్కూటర్ మీద వచ్చాడు. టీ కొట్టు దగ్గర నిలబడమన్నాడు, నిలబడ్డాను. నన్ను దాటి నాలుగడుగులు ముందుకు పోయి ఆగి, "ఉపేందర్!" అని పిలిచాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన మళ్ళీ పిలిచాడు. "వస్తున్న సార్" అంటే అప్పుడు తల తిప్పాడు. వెనక కూర్చున్నాను. బండి బాగా మెల్లగా నడిపాడు. పెద్ద వయసు కదా, జాగ్రత్త అనుకున్నాను.

ఇంటికి వచ్చి కూతల సంగతి చూశాను. ఆ ప్రోగ్రాం శబ్దాన్ని కొంచెం కొంచెం కూడబెట్టి ఒక్కసారి వదులుతుంది. అందుకే ఆ ఆలస్యం. కూడబెట్టేది తగ్గించాను. సార్ ఆడి చూసి, "ఆఁ, వచ్చింది!" అని కేక పెట్టాడు. ఒక్క చుక్క కూడా నేల మీద పడలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో, ఆట తెర నిండా పెద్దగా కనబడితే ఇంకా బాగుంటుందని దానికి ఉండే మీటలు నొక్కాను.

తెర మొత్తం నల్లబడింది.

కొత్త మానిటర్లు కొన్నిసార్లు పాత ఆటల తెర కొలతలను తీసుకోవు. లేదంటే వైరు వదులై ఉంటుంది. "ఒక్క నిమిషం సార్" అని బల్ల కిందికి దూరి వెనక వైరు పట్టుకుని కదిలిస్తున్నాను. పైనుంచి కూతలు వినబడుతున్నాయి. టుంగ్. టుంగ్. టుంగ్. ఆట ఆగలేదు కాబట్టి చుక్కలు పడుతున్నాయి, అది సరే. మరి బకెట్ వాటిని ఎట్లా పట్టుకుంటోంది?

తల బయటికి పెట్టి చూశాను. తెర నల్లగా, బొట్టు వెలుగు కూడా లేకుండా ఉంది. సార్ ముందుకు వంగి, దాంట్లోకే చూస్తూ, మీటలు నొక్కుతున్నాడు. టుంగ్. టుంగ్.

నేను నేల మీద అట్లాగే కూర్చుండిపోయాను. ముందు నాకు తోచింది ఏమిటంటే, తెర నాకే కనబడడం లేదేమోనని. నిజంగానే కళ్ళు నులుముకున్నాను.

"ఎట్లుంది సార్?"

"ఫస్ట్ క్లాస్."

"బొమ్మ మంచిగ కనబడుతుందా?"

"మంచిగ కనబడుతుంది."

చెప్పకుండా ఊరుకోవచ్చు. వైరు సరిచేసి లేచి రావచ్చు. కానీ నోరు ఆగలేదు.

"సార్, తెర నల్లగుంది. బొమ్మ రాలె."

ఆయన వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. చుక్కలు పడుతూనే ఉన్నాయి. బుర్ర్. బుర్ర్. బుర్ర్. చివరికి ఆట దానంతట అదే అయిపోయింది.

"మార్త యాడుంది?" గొంతు తగ్గించి అడిగాడు.

"వంటింట్ల ఉన్నట్టుంది."

"చెప్పకు." వంటింటి వైపు చెవి పెట్టి, "మా అన్నకు గిట్లనే అయింది. ఆపరేషన్ చేయించిన్రు. ఉన్న జర చూపు గూడ పోయింది. గోడలు పట్టుకొని తిరిగిండు సచ్చేదాంక. నాకు వెలుగు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, ఆటకు కూతలున్నయి. చాలు. ఇల్లు నాకు తెల్వదా? రోడ్డు నాకు తెల్వదా?" అన్నాడు.

రోడ్డు అనగానే స్కూటర్ గుర్తొచ్చింది. పొద్దున నేను ఎవరి వెనక కూర్చుని వచ్చానో అప్పుడు తెలిసింది.

బండి తాళం

కంప్యూటర్ ఆపి మళ్ళీ వెలిగిస్తే తెర మామూలుగా వచ్చింది. ఎందుకు నల్లబడిందో, ఎందుకు సర్దుకుందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ నల్లబడలేదట.

సార్ ఏమీ జరగనట్టే లేచి, మేకుకు ఉన్న తాళం తీసుకున్నాడు. "పా, బస్టాండ్ కాడ దింపుత."

"వద్దు సార్, ఆటోల పోత."

"ఆటో ఎందుకు? పా."

"అయితే నేను నడుపుత సార్."

"నా బండి నేను నడుపుత."

ఇంతలో మార్తమ్మ సంచి పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. "నన్ను గూడ కూరగాయల కాడ దింపుండ్రి. ముగ్గురం సరిపోతం, దగ్గరనే కదా."

నేను గడపలో నిలబడ్డాను. ఒకవైపు నన్ను నమ్మి చెప్పిన మనిషి. ఇంకోవైపు ఏమీ తెలియకుండా బండెక్కబోతున్న మనిషి. నేను కంప్యూటర్ల వాణ్ణి. ఆ ఇంటి సంగతులతో నాకేం పని? ఇప్పుడు చెప్పకుండా తర్వాత ఫోన్ చేద్దామా? ఫోన్ చేసేలోపు ఏమైనా అయితే? సార్ అప్పటికే స్టాండు తీశాడు. మార్తమ్మ చీర సర్దుకుంటోంది. ఆలోచించి చేసింది కాదు, మాట అదే వచ్చేసింది.

"అమ్మా, సార్‌కు కనబడుతలేదు."

ఆమె నవ్వింది. పరాచికం అనుకుంది. తర్వాత నా మొహం చూసింది. సార్ ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఏమండీ. ఇయ్యాల నేనేం రంగు చీర కట్టిన?"

సార్ బండి హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద ఎవరిదో ట్రాక్టర్ పోయింది.

"నువ్వు కంప్యూటర్ బాగు చెయ్యనికి వచ్చినవ్," అన్నాడు నాతో, నా వైపు తిరగకుండానే. "బాగు చేసినవ్. ఇగ పో."

మార్తమ్మ ఆయన చేతిలోంచి తాళం తీసుకుంది. నేను నడుచుకుంటూ బస్టాండుకు వెళ్ళాను.

ఆ తర్వాత

చాలా రోజులు వాళ్ళ దగ్గర నుంచి ఫోన్ లేదు. నేనూ చెయ్యలేకపోయాను. ఒక పూట చేసింది మంచిదే అనిపించేది. ఇంకో పూట, ఆయన్ను ఇంటావిడ ముందు అట్లా నిలబెట్టడానికి నేనెవణ్ణి అనిపించేది. నా భార్య సరోజను అడిగితే, "చెప్పకపోతే నేను నీతోని మాట్లాడకపోదును" అంది. ఆమెకు అంత తేలిగ్గా తెలిసింది నాకెందుకు తెలియడం లేదో అర్థం కాలేదు.

వానలు మొదలయ్యాక మార్తమ్మే ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో కంటి దవాఖానకు తీసుకుపోయిందట. రెండు కళ్ళలో శుక్లాలు బాగా ముదిరాయి. వాటి వెనక నీటికాసులు, గ్లాకోమా అంటారే అది. ఆపరేషన్ అంటే సార్ మూడుసార్లు లేచి బయటికి వచ్చేశాడట. "మీ అన్న కాలం వేరు, ఇప్పుడు వేరు" అని డాక్టరమ్మ ఓపికగా కూర్చుని చెప్పిందట. చివరికి చేయించుకున్నాడు. శుక్లాలు తీశాక ఎదురుగా ఉన్నది కనబడుతోంది. నీటికాసులతో పోయిన పక్క చూపు మాత్రం ఇక రాదన్నారు. ఉన్నది నిలవాలంటే బతికినంత కాలం చుక్కలు వేసుకోవాలి.

"సార్ మాట్లాడతడా అమ్మా?" అని అడిగాను.

ఆమె ఫోన్ ఇచ్చింది.

"నీ మీద కోపం పోలే," అన్నాడు సార్.

"సరే సార్."

"ఇంకో నాలుగు నెల్లు ఆగితే చూపు మొత్తం పోయేదన్నరు. అయినా కోపం పోలే."

"సరే సార్."

"మార్త ముసల్దైంది ఉపేందర్. నేను సూడనే లేదు, ఎప్పుడైందో." ఆ మాట అని ఫోన్ పెట్టేశాడు. ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు.

పిల్లలారా, దీన్నుంచి ఏం నేర్చుకోవాలో నన్ను అడగకండి. కస్టమర్ "తేడా ఉంది" అంటే తేడా ఉన్నట్టే. అది మిషన్లో ఉందా, మనిషిలో ఉందా అన్నది మనకు వెంటనే తెలియదు. ఇంతకన్నా నాకు గట్టిగా తెలిసింది లేదు.

మొన్న వేరే పని మీద మిర్యాలగూడ వెళ్ళాను. మిల్లుల వైపు రోడ్డు పక్కన నిలబడి ఉంటే ఎదురుగా ఒక కొత్త స్కూటీ మెల్లగా వస్తోంది. నడుపుతున్నది మార్తమ్మ. ఆ వయసులో ఎప్పుడు నేర్చుకుందో, ఎవరు నేర్పారో. భుజాలు బిగబట్టి, రోడ్డు తప్ప ఇంకేమీ చూడకుండా నడుపుతోంది. వెనక సార్, నల్లద్దాలు పెట్టుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. నన్ను ఇద్దరూ చూడలేదు.

నన్ను దాటుతుండగా సార్ తల కొంచెం పక్కకు వంచాడు.

"ఎనక లారీ వస్తుంది. ఎడమకు జరుగు మార్తా."

నేను వాళ్ళు వచ్చిన వైపు చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. మార్తమ్మ అద్దం కూడా చూడకుండా బండిని ఎడమకు జరిపింది. అప్పుడు మలుపులోంచి లారీ వచ్చింది.